గీత మీద పడని చుక్కలు

జగిత్యాల,
14 జూన్ 2025.

పూజ్యులు ఏసయ్య సార్‌కు,

మీ అలేఖ్య నమస్కరించి రాస్తున్నది. మేడిపల్లి అలేఖ్యను సార్, కోరుట్ల కాలేజీలో ఎంపీసీ, రెండో బెంచి. మరిచిపోలేదు కదా?

శోభక్క ఫోన్లో చెప్పింది, మీకు రెండు చెవులూ దాదాపు వినబడడం లేదని, వాట్సాప్‌లో ఏమైనా పెడితే మనవడు ఇల్లంతా వినేటట్టు చదువుతాడని. "నాయినకు ఏమన్న చెప్పాల్నంటే కాయితం మీద రాసి పంపు పిల్లా, గప్పుడే ఆయనకు చదివినట్టుంటది" అన్నది. పోస్టాఫీసులో కవర్లు అడిగితే అక్కడి ఆయన నన్ను ఎగాదిగా చూశాడు. చేతిరాత బాగా పాడైపోయింది. తప్పులుంటే ఎర్ర పెన్నుతో దిద్ది వెనక్కి పంపండి. ఆ పని లేకపోతే మీకు తోచదు కదా.

బెంగళూరు నుంచి వచ్చి నాలుగు నెలలైంది. ఐదేళ్ల ఫెలోషిప్ అయిపోయింది. థీసిస్ రాయడమే మిగిలింది కాబట్టి ఎక్కడైనా కూర్చొని రాసుకోవచ్చని మా గైడ్ అన్నారు. ఇక్కడ ఒక కోచింగ్ సెంటర్‌లో పొద్దున నాలుగు క్లాసులు, సాయంత్రం రెండు చెప్తున్నాను. గదికి వచ్చేసరికి గొంతు పోతుంది, కాళ్లు లాగుతాయి, థీసిస్ ఫైలు తెరిచి అట్లాగే చూస్తూ కూర్చుంటాను. ఆదివారం మేడిపల్లి పోతే అమ్మ "ఎప్పుడు అయిపోతది బిడ్డా నీ సదువు" అని అడగడం కూడా మానేసింది.

"ఐదేండ్లల్ల ఏం కనిపెట్టిందో అడుగు" అని శోభక్కతో అడిగించారట. చెప్తాను వినండి. మేము లిథియం పరమాణువులను గాలి లేని గాజు పెట్టెలో లేజర్ వెలుతురుతో పట్టి ఉంచి చల్లబరుస్తాం. ఫ్రిజ్ చల్లదనం కాదు సార్, పరమశూన్యానికి ఒక డిగ్రీలో కోటో వంతు దూరం దాకా. ఈ పరమాణువులు ఫెర్మియాన్లు. ఒకటి కూర్చున్న చోట ఇంకొకదాన్ని కూర్చోనివ్వవు, ఎలక్ట్రాన్ల పాఠంలో మీరే చెప్పారు. కానీ అంత చలిలో అవి రెండేసి జతలు కడతాయి. జతలన్నీ కలిసి ఒక్కటిగా కదులుతాయి. అప్పుడు ఆ వాయువులో రాపిడి ఉండదు. దాన్నే సూపర్‌ఫ్లూయిడ్ అంటారు.

అమ్మ జొన్న గట్కలో గరిటె తిప్పినట్టు, మేము ఆ చిన్న వాయుమేఘంలో ఒక సన్నని లేజర్ కిరణాన్ని తిప్పుతాం. మెల్లగా తిప్పితే గరిటె ఉన్నట్టే దానికి తెలియదు. ఒక వేగం దాటిందంటే చాలు, జతలు విడిపోతాయి, అలలు లేస్తాయి, మేఘం వేడెక్కుతుంది. ఆ వేగాన్ని కొలవడమే నా పని. అడ్డంగా వేగం, నిలువుగా వేడి పెట్టి గ్రాఫు గీస్తే, గీత చాలా దూరం నేల మీద పాకి ఒక్కచోట ఠక్కున లేస్తుంది. ఎక్కడ లేవాలో సిద్ధాంతం ముందే చెప్పింది. నాకు సరిగ్గా అక్కడే లేచింది. పోయిన సంవత్సరం అది పేపర్‌గా వచ్చింది.

ఇప్పుడు అదే ప్రయోగాన్ని స్నేహ అని ఒక జూనియర్ మళ్లీ చేస్తున్నది. వెల్గటూర్ పిల్ల, నేనే గైడ్‌కు చెప్పి చేర్పించాను. ఆమెకు ఎందుకో గీత సరిగ్గా రావడం లేదు. రోజూ ఫోన్ చేస్తుంది. ఆ ఫోన్లకే ఎక్కువ అలసిపోతున్నాను.

మీ ఆరోగ్యం రాయండి.

మీ శిష్యురాలు,
అలేఖ్య

---

సిరిసిల్ల,
29 జూన్ 2025.

చిరంజీవి అలేఖ్యకు,

ఏసయ్య సార్ దీవించి రాయునది. నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. 'ఉష్ణం' అని రాయాల్సిన చోట 'వేడి' అని రాసి తప్పించుకున్నావు, ఒత్తులంటే నీకు అప్పటి నుంచే భయం. అయినా నూటికి తొంభై ఐదు వేశాను. గట్క సంగతి మా శోభకు చదివి వినిపిస్తే "నీళ్లోలె ఉన్న గట్క గావొచ్చు నాయినా" అన్నది.

నా సంగతి ఏముంది? అల్లుడి ఇంట్లో కింద పన్నెండు సాంచాలు, పైన మేము. సిరిసిల్లలో మరమగ్గాన్ని సాంచా అంటారు, నీకు తెలిసే ఉంటుంది. అవి నడిస్తే గోడలు కూడా వణుకుతాయి. నాకు చెవులు పోవడం దేవుడు చేసిన మేలేనని శోభ నవ్వుతుంది. ఈ నెల ఆర్డర్లు లేక సగం ఆగి ఉన్నాయి. అల్లుడు పొద్దంతా గడప మీద కూర్చొని ఎవరితోనూ మాట్లాడడు. నేను పేపర్ చదివిందే మళ్లీ చదువుతాను.

ఆ వెల్గటూర్ పిల్లకు ఎందుకు రావడం లేదమ్మా? మన కాలేజీలో ప్రాక్టికల్స్‌లో రాలేదన్నవాళ్లు ఒక్కరైనా ఉన్నారా? ఇరవై ఆరు బ్యాచులు, ముప్పైకి ముప్పై. కాలేజీ మూతపడ్డది కానీ ఆ రికార్డు ఎవరూ కొట్టలేరు. నీకు గుర్తుందా, లోలకం ప్రయోగంలో నీకు 981 రావాల్సింది 912 వచ్చిందని కండ్లనిండ నీళ్లతో వచ్చావు. "ఏందిరా గిది, భూమి ఆకర్షణ మేడిపల్లోళ్లకు తక్కువుంటదా?" అని పేజీ చించేశాను. "జవాబు తెలుసు గద, కింది నుంచి పైకి రాయి" అన్నాను. పది నిమిషాల్లో చక్కటి రీడింగులు తెచ్చావు. బుద్ధిమంతురాలివి. ఆ స్నేహకు కూడా అట్లా ఒకరు పక్కన నిలబడి చెప్పాలి.

ఒక శుభవార్త. మన పాత విద్యార్థులంతా కలిసి దసరా తర్వాత ఆదివారం కోరుట్లలో ఆత్మీయ సమ్మేళనం పెడుతున్నారు. దుబాయి నుంచి వచ్చి టెంట్ హౌస్ పెట్టుకున్న భూమేశ్ అంతా చూసుకుంటున్నాడు. ముఖ్య అతిథివి నువ్వే. ఫ్లెక్సీలో నీ ఫోటో కింద 'డాక్టర్ అలేఖ్య, శాస్త్రవేత్త' అని వేయమన్నాను. అప్పటికి పట్టా వస్తుంది కదా?

ఆశీస్సులతో,
ఏసయ్య

---

జగిత్యాల,
20 జూలై 2025.

సార్‌కు నమస్కారాలు.

ఫ్లెక్సీలో డాక్టర్ అని వేయించవద్దు. భూమేశన్నకు ఈ రోజే చెప్పండి.

మీ ఉత్తరం వచ్చి పద్దెనిమిది రోజులైంది. రెండుసార్లు జవాబు రాసి చించేశాను. స్నేహ నిన్న ఫోన్ చేసింది. పది నెలలుగా అదే కొలుస్తున్నది సార్. లేజర్ మార్చింది, అద్దాలు విప్పి కడిగింది, కెమెరా మార్పించింది. ఒక్కో రీడింగుకు ఒక మేఘాన్ని చేయాలి, తిప్పాలి, ఫోటో తీయాలి. ఫోటో తీసిందంటే ఆ మేఘం పోయినట్టే, మళ్లీ మొదటి నుంచి. అట్లా వేల ఫోటోలు తీసింది. అయినా నా గీత రావడం లేదు. గైడ్ మీటింగులో అందరి ముందు "అలేఖ్యకు వచ్చింది కదా, నీ చేతుల్లోనే ఏదో ఉంది" అన్నారట. "నాకు చాతనైతలేదక్కా. వదిలిపెట్టి ఇంటికి పోత. బీఎడ్ చేస్త" అని ఏడ్చింది. నేను "ఓపిక పట్టు" అన్నాను. ఆ మాట అన్నందుకు నా మీద నాకే అసహ్యం వేసింది.

సార్, ఇంతవరకు ఎవరికీ చెప్పని మాట మీకు చెప్తున్నాను. నా గ్రాఫులో మొదట అరవై మూడు చుక్కలున్నాయి, ఒక్కో చుక్క ఒక రోజు రీడింగుల సగటు. పేపర్లో నలభై తొమ్మిదే వేశాను. పద్నాలుగు తీసేశాను. అవి సిద్ధాంతం చెప్పిన వేగం కంటే చాలా ముందే, చిన్నగా పైకి లేచి ఉన్నాయి. ఆ రోజుల్లో మేఘం సరిగ్గా చల్లబడలేదు, అందుకే వదిలేశామని కింద ఒక వాక్యం రాశాను. ఆ రోజుల్లో మేఘం వేడిగా ఉందో లేదో నేను చూడనే లేదు. చుక్క గీత మీద పడితే మంచి రోజు, పడకపోతే చెడ్డ రోజు. అంతే చూశాను.

అప్పుడు అది తప్పని అనిపించలేదు. అదే నన్ను భయపెడుతున్నది. చెయ్యి దానంతట అదే చేసింది. గీత ఎక్కడ లేవాలో తెలుసు కదా, కింది నుంచి పైకి వచ్చాను.

కోపం తెచ్చుకోకండి. అది నేను బెంగళూరులో నేర్చుకోలేదు. మీ దగ్గరే నేర్చుకున్నాను.

ఇప్పుడు చెప్తే పేపర్ పోతుంది, థీసిస్ పోతుంది, ఐదేళ్లు పోతాయి. నాన్న మస్కట్‌లో ఇంకో రెండేళ్లు ఉండాల్సి వస్తుంది. చెప్పకపోతే స్నేహ పోతుంది. ఏం చేయాలో తోచడం లేదు. పొద్దున నాలుగు క్లాసులు ఎట్లా చెప్తున్నానో నాకే తెలియదు.

అలేఖ్య

---

సిరిసిల్ల,
10 ఆగస్టు 2025.

అలేఖ్యకు,

నీ ఉత్తరం ఒకసారి చదివి బైబిల్లో పెట్టి పదిహేను రోజులు మళ్లీ తెరవలేదు. శోభ "ఏమైంది నాయినా, అన్నం తింటలేవు" అంటే కడుపు బాగాలేదన్నాను.

బాగానే అన్నావమ్మా. ముప్పై ఏండ్లు సుద్దముక్క పట్టుకున్నవాడికి మంచి బహుమానమే ఇచ్చావు.

నువ్వు అడగలేదు కానీ నేను చెప్తాను. మన ల్యాబ్‌లో ఏముండేది? రెండు స్టాప్‌వాచ్‌లు. ఒకటి పది సెకన్లకోసారి ఆగేది. లోలకానికి దారం లేక సిరిసిల్ల నుంచి పోగు తెప్పించాను, అది సాగేది. గుండు బదులు తాళం కప్ప కట్టేవాళ్లం. దాంతో 981 ఎవడికి వస్తుంది? బయటి నుంచి వచ్చిన ఎగ్జామినర్ మీ రీడింగులు చూడడు, చివరి అంకె చూస్తాడు. అది తప్పితే పన్నెండు మార్కులు కొట్టేస్తాడు. పన్నెండు మార్కులు పోతే మేడిపల్లి పిల్ల మంచి డిగ్రీ కాలేజీ గడప తొక్కేదా? పెద్ద కాలేజీల పిల్లలకు మంచి సామాన్లున్నాయి. మా పిల్లలకు నేనున్నాను. అంతే అనుకున్నాను. దాన్ని పాపమంటే నేనేం చేయను?

ఇక నీ సంగతి. పెద్దవాడిగా చెప్తున్నాను, విను. నోరు మూసుకొని థీసిస్ ఇచ్చేయి. పట్టా చేతికి వచ్చాక, ఉద్యోగంలో కుదురుకున్నాక, అప్పుడు నెమ్మదిగా "ఆ లెక్క మళ్లీ చూడాలి" అని ఒక మాట అను. పెద్ద పెద్దవాళ్లు అట్లాగే సవరించుకుంటారు. ఆ పిల్ల చిన్నది. ఆమెకు ఇంకో పని దొరుకుతుంది. మీ నాయిన ఎండలో ఎన్నేండ్లు నిలబడ్డాడో తలుచుకో.

నాకు ఈ విషయం మళ్లీ రాయకు.

ఏసయ్య

---

జగిత్యాల,
7 సెప్టెంబర్ 2025.

సార్‌కు,

రాయవద్దన్నారు, రాస్తున్నాను. ఇంకెవరికి రాయాలి?

పోయిన సోమవారం స్నేహ నుంచి మెసేజ్ వచ్చింది. "అక్కా వచ్చింది!!! మీ గీత నాకు కూడా వచ్చింది!" కింద గ్రాఫు ఫోటో. గైడ్ ల్యాబ్ అందరికీ స్వీట్లు తెప్పించారట.

మీకు చెప్పడానికి సిగ్గుపడను, సగం రోజు నాకు ప్రాణం లేచి వచ్చింది. నేను చేసింది తప్పే అయినా జవాబు ఒప్పే అనుకున్నాను. నాది నిజమే, ఆ పద్నాలుగూ నిజంగానే చెడ్డ రోజులు. కోచింగ్ పిల్లలకు ఆ రోజు హోంవర్కు కూడా ఇవ్వలేదు. బజారుకు పోయి మిర్చి బజ్జీలు తెచ్చుకొని తిన్నాను.

సాయంత్రం ఆ ఫోటో పెద్దగా చేసి చూశాను. యాభై రెండు చుక్కలు. ఒక్కటి కూడా గీతకు దూరంగా లేదు. పదకొండు నెలలు గీత సరిగ్గా రానిదానికి, రెండు వారాల్లో అన్నీ వచ్చి వరసగా కూర్చున్నాయి. ఆ ల్యాబ్‌లో అట్లా రాదు సార్. తలుపు గట్టిగా వేసినా చుక్క కదులుతుంది. నా నలభై తొమ్మిదే ఎట్లా తయారయ్యాయో నాకు తెలుసు, ఆమెవి ఎట్లా తయారయ్యాయో చూడగానే తెలిసింది.

మర్నాడు పొద్దున ఆమెకు ఫోన్ చేసి "ఏం మార్చినవు స్నేహా?" అని అడిగాను. "ఏం లేదక్కా. కొన్ని దినాలు మేఘం సరిగ్గ సల్లవడలే. గవి తీసేసిన" అన్నది. నా పేపర్లో నేను రాసిన వాక్యమే. దాన్ని చదివే నేర్చుకున్నది.

నేను "మంచిది" అని ఫోన్ పెట్టేశాను. ఇప్పుడు నేను నోరు తెరిస్తే ఆమె కూడా మునుగుతుంది. తెరవకపోతే ఇద్దరు వేర్వేరుగా కొలిచారు, ఇద్దరికీ అదే వచ్చిందని లోకం నమ్ముతుంది. ఇక ఎవరూ మళ్లీ కొలవరు. డిసెంబర్‌లో ఆమె పేపర్ పంపిస్తారట. అందులో నా పేరు కూడా ఉంటుందని గైడ్ మెయిల్ పెట్టారు.

జూలైలో మీకు ఉత్తరం రాసిన రోజే ఆమెకు కూడా చెప్పి ఉంటే ఇది జరిగేది కాదు. మిమ్మల్ని అంటున్నాను కానీ, మీ మాట విని ఆగలేదు. ఆగాలనుకున్నాను కాబట్టే మీ మాట విన్నాను.

సమ్మేళనానికి రాను. క్షమించండి.

అలేఖ్య

---

కోరుట్ల,
6 అక్టోబర్ 2025.

బిడ్డా అలేఖ్యా,

భూమేశ్ ఇంట్లో కూర్చొని రాస్తున్నాను. నిన్న సమ్మేళనం అయింది. నీ ఉత్తరానికి నెల రోజులు జవాబు రాయలేదు. ఏం రాయాలో తెలియక రాయలేదు, కోపంతో కాదు.

మన కాలేజీ భవనంలో ఇప్పుడు ఫర్నిచర్ షాపు. ఫిజిక్స్ ల్యాబ్‌లో మంచాలు పెట్టారు. ఫంక్షన్ హాల్‌లో కలిశాం. రెండు వందల మంది వచ్చారు. ఫ్లెక్సీలో నీ ఫోటో వేశారు, పేరు ముందు ఏమీ వేయనివ్వలేదు. నువ్వెందుకు రాలేదని అందరూ అడిగితే ఒంట్లో బాగాలేదన్నాను. ఆ అబద్ధం నా లెక్కలో వేసుకో.

పొద్దున టిఫిన్ దగ్గర రోహిత్ వచ్చి కాళ్లు మొక్కాడు. నీ బ్యాచే, మూడో బెంచి, ఎప్పుడూ ఆలస్యంగా వచ్చేవాడు. ఇప్పుడు ఎవరో కాంట్రాక్టర్ దగ్గర సైట్ ఇంజనీరట. మంచి కారు, మంచి షర్టు. నాకు వినబడదని నా డైరీలో రాసి చూపిస్తూ, రాస్తూ రాస్తూ తానే నవ్వుతున్నాడు. ఆ పేజీ ఇప్పుడు నా ముందే ఉంది, ఉన్నదున్నట్టు దించుతున్నాను.

"సార్, మీ ట్రైనింగే గిప్పటికి అన్నం పెడుతుంది. సిమెంటు దిమ్మెలు చేసి ఇరువై ఎనిమిది దినాలు నీళ్లల్ల పెట్టి పలగ్గొట్టి బలం సూడాలె. ఎవనికి టైముంది సార్? ఎంత రావాల్నో తెలుసు గద. కింది నుంచి పైకి రాసుడే."

"ఏం కడుతున్నవు?" అన్నాను.

"వాగు మీద బ్రిడ్జి సార్" అని రాశాడు.

ఇడ్లీ ప్లేటు పక్కన పెట్టాను. "దిమ్మెలు పలగ్గొట్టు బిడ్డా, నీకు దండం పెడుత" అన్నాను. "సరే సార్, సరే సార్" అని రాసి, భుజం మీద చెయ్యి వేసి సెల్ఫీ తీసుకున్నాడు.

తర్వాత శాలువా కప్పి మైకు ఇచ్చారు. నాకు నా గొంతే వినబడదు, ఎంత గట్టిగా అరిచానో తెలియదు. "నేను మీకు దొంగలెక్క నేర్పిన. మీ పేజీలు చింపిన. మీకు నిజంగ వచ్చిన అంకెను ఒక్కనాడు సూడలే. ఎందుకు తప్పు వచ్చిందో అడుగలే. మీరు గది మరిచిపోండ్రి, నన్ను మన్నించుండ్రి" అన్నాను. కండ్లు తుడుచుకొని చూస్తే అందరూ పడి పడి నవ్వుతున్నారు. చప్పట్లు కొడుతున్నారు. వెనక ఎవరో లేచి నిలబడి నోట్లో వేళ్లు పెట్టి ఈల వేశారు. సార్ ఎప్పటిలాగే జోకు వేశాడనుకున్నారు. భూమేశ్ వచ్చి నా చెవిలో "సూపర్ సార్" అని అరిచి మైకు తీసుకొని భోజనాలకు పిలిచాడు.

రెండు వందల మందికి ఇక చెప్పలేను అలేఖ్యా. నాకు వయసైపోయింది, వాళ్లకు పనులున్నాయి. నువ్వు ఒక్కదానికి చెప్పగలవు. ఆ పిల్ల పేపర్ ఇంకా పోలేదు. గైడ్ దగ్గరికి తర్వాత పోదువు గానీ, ముందు ఆ పిల్ల దగ్గరికి పో. ఫోన్లో కాదు. రైలెక్కి పో.

ఆగస్టులో నేను రాసిన ఉత్తరం చించేయి. నేను పిల్లల పేజీలు చించినట్టు ఎవరైనా దాన్ని అప్పుడే చించి ఉంటే బాగుండేది.

నీ ఏసయ్య సార్

---

బెంగళూరు,
9 నవంబర్ 2025.

సార్‌కు నమస్కారాలు.

పోయాను. చెప్పాను. అన్నీ వరసగా రాస్తాను, మీరు ఎదురుచూస్తుంటారు.

కోచింగ్ సెంటర్ ఆయన సెలవు ఇవ్వనన్నాడు, మానేసి వచ్చాను. స్నేహను క్యాంటీన్‌కు పిలిచాను. చాలా చిక్కిపోయింది. ముందు నా గురించే చెప్పాను, పద్నాలుగు చుక్కల సంగతి. ఆమె గురించి ఒక్క మాట అడగలేదు. అయినా తలకాయ దించుకొని "నావి నిజంగనే చెడ్డ దినాలక్కా, మేఘం వేడిగుండె" అన్నది. "నేను కూడ గదే రాసిన స్నేహా" అన్నాను. నేను తీసేసిన పద్నాలుగు చుక్కలను ఒక కాగితం మీద గీసి తెచ్చాను. అది ఆమె ముందు పెట్టాను.

చాలా సేపు దాన్నే చూసింది. తర్వాత లేచి వెళ్లిపోయింది. ఇక రాదనుకున్నాను. ల్యాప్‌టాప్ పట్టుకొని వచ్చింది. ఆమె తీసేసినవి ఇరవై మూడు చుక్కలు. అవి తెరిచి నా కాగితం పక్కన పెట్టింది.

సార్, రెండూ ఒక్క తీరుగా ఉన్నాయి. ఆమె లేజర్ వేరు, కెమెరా వేరు, రెండేళ్ల తేడా. అయినా అదే వేగం దగ్గర, అదే చిన్న లేవడం. సిద్ధాంతం చెప్పిన దానికంటే ముందే ఆ మేఘంలో ఏదో కదులుతున్నది. జతలు విడిపోకముందే ఏవో చిన్న సుడులు పుడుతున్నాయేమో. ఏమిటో ఇప్పుడే చెప్పలేం. కానీ ఉన్నది. మా ఇద్దరికీ కనబడ్డది, మేమిద్దరమూ పారేశాం.

నేను మనసు ఆపుకోలేక "స్నేహా, చూడు!" అన్నాను. ఆమెకు నవ్వు రాలేదు. ల్యాప్‌టాప్ మూసింది. "పదకొండు నెల్లు గిదే చూసిన అక్కా. గిదే కరెక్టు అని ఒక్కరన్న చెప్తరేమో అని రోజు మీకు ఫోన్ చేసిన. ఆగస్టుకు ముందల చెప్తే నేను గీ పని చేయకపోదును గద" అన్నది. కాళ్లు పట్టుకోవాలనిపించింది. అంత మంది ముందు అది కూడా చేయలేకపోయాను.

"గైడ్‌కు నాది మాత్రమే చెప్తాను. నీది ఇంకా బయటికి పోలేదు, చప్పుడు చేయకుండా వెనక్కి తీసుకొని మళ్లీ కొలుచుకో" అన్నాను. అట్లా అయినా ఆమెకు కొంచెం మేలు చేసినట్టవుతుందనుకున్నాను. ఆమె ల్యాప్‌టాప్ తీసుకొని ల్యాబ్‌కు పోయింది.

మర్నాడు గైడ్ గదిలో అంతా చెప్పాను. ఆయన అరుస్తారనుకున్నాను, అరవలేదు. చాలా మెల్లగా, పేపర్ ఉపసంహరించుకుంటున్నామని జర్నల్‌కు నన్నే రాయమన్నారు, ఒక్క వాక్యం కూడా దాచకుండా. థీసిస్ ఇప్పట్లో లేదన్నారు. అప్పుడే స్నేహ లోపలికి వచ్చి గోడ పక్కన నిలబడింది. ఆయన ఆమె వైపు తిరిగి "నీకు మంచి గీత వచ్చింది కదా, అదైనా ఉన్నది" అన్నారు. నేను నేల చూశాను. ఆమె ఊఁ అంటే చాలు, అయిపోయేది. ఇంగ్లిష్‌లో, గొంతు ఏమాత్రం తడబడకుండా, "నాదీ అట్లాగే చేశాను సార్" అన్నది.

నాకు రెండేళ్లు పట్టిన మాట సార్. ఆమెకు ఒక్క రోజు పట్టింది.

ఆయన ఆ రోజు మా ఇద్దరినీ బయటికి పొమ్మన్నారు. వారం తర్వాత పిలిచి, మొదటి నుంచి ఇద్దరూ కలిసి కొలవండి, ఏ చుక్కను ఎందుకు తీస్తున్నారో ముందే రాసి నాకు ఇచ్చిన తర్వాతే కొలవండి అన్నారు. స్నేహ ఫెలోషిప్ ఉంటుందో లేదో కమిటీ చెప్పాలి. నాకు ఎట్లాగూ లేదు. సాయంత్రాలు ఇక్కడే ఒక ట్యూషన్ సెంటర్‌లో చెప్తున్నాను. నాన్నకు ఫోన్లో చెప్పాను. అర్థమైందో లేదో, "మంచిది బిడ్డా, ఆరోగ్యం సూసుకో" అన్నాడు.

మీ మీద కోపం పూర్తిగా పోయిందని రాస్తే అది కూడా కింది నుంచి పైకి రాసినట్టే అవుతుంది. కొంచెం ఉన్నది. కానీ మైకు పట్టుకొని మీరు అన్న మాటకు అందరూ నవ్వారని చదివినప్పుడు, ఆ హాల్లో నేను ఉండాల్సింది అనుకున్నాను. నేను నవ్వకపోదును.

స్నేహ నాతో మాట్లాడడం లేదు. పొద్దున తొమ్మిదింటికి వస్తుంది, లేజర్లు చూసుకుంటుంది, మేఘం చేస్తుంది. నేను టేబుల్ దగ్గర నోట్‌బుక్ పట్టుకొని కూర్చుంటాను. ఆమె అంకె చెప్తుంది, నేను రాస్తాను. అది మంచిదో చెడ్డదో నేను అడగను, ఆమె చెప్పదు.

మీ
అలేఖ్య